యెరికో నుండి ఎక్కే దారిలో యాత్రకీర్తనలు

యెరూషలేముకు వెళ్ళే తెలుగు యాత్రికులు చాలామంది జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో విమానం దిగి, నెబో కొండ చూసుకుని, యొర్దాను నదిమీద వంతెన దాటి అవతలి ఒడ్డుకు చేరుకుంటారు. మా బృందమూ ఆ దారినే వెళ్ళింది. వంతెన దగ్గర తనిఖీలు ముగిసి బస్సు కదిలిన కొద్దిసేపటికే యెరికో వచ్చింది. ఆ పట్టణం సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల దిగువన ఉంది. యెరూషలేము సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంది. రెండింటి మధ్య దూరం 30 కిలోమీటర్ల లోపే కాబట్టి, ఆ కొద్ది దూరంలోనే వెయ్యి మీటర్లు ఎక్కాలన్నమాట. గలిలయ నుండి పండుగకు వచ్చే యూదులలో అనేకులు యొర్దాను లోయ వెంబడి నడిచి వచ్చి, యెరికో దగ్గర మలుపు తిరిగి, ఈ కొండదారినే ఎక్కేవారు. కీర్తనల గ్రంథంలో 120 నుండి 134 వరకు ఉన్న పదిహేను పాటలకు యాత్రకీర్తనలని పేరు. పండుగలకు ఎక్కిపోయే జనం వీటిని పాడుకునేవారని చాలామంది పండితులు భావిస్తారు.

ఆ పదిహేను కీర్తనలను ఆ దారిలోనే చదవాలన్నది నా చిరకాలపు కోరిక. మావారు ఉన్నప్పుడు ఇద్దరం కలిసి వెళ్ళాలనుకున్నాం. ఆయన మూత్రపిండాల వ్యాధితో చాలాకాలం డయాలసిస్ మీద ఉండి, చివరకు ప్రభువునందు నిద్రించారు. ఓదార్చడానికి వచ్చినవారిలో చాలామంది, "విశ్వాసులు ఏడవకూడదమ్మా, ఆయన మంచి చోటికే వెళ్ళారు," అన్నారు. వాళ్ళు ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ నా గొంతు పూడుకుపోయేది. మోకరిస్తే ప్రార్థన వచ్చేది కాదు. స్తుతి వాక్యాలు పెదవులమీద పలికేవే గాని లోపలికి దిగేవి కావు. అలాంటి రోజులలో నేను చదవగలిగినవి కీర్తనలు మాత్రమే, అందులోనూ 13వ కీర్తన లాంటివి: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" దేవుణ్ణి ఇలా నిలదీసిన మాట పరిశుద్ధ గ్రంథంలోనే ఉండగా, నా ఏడుపు అవిశ్వాసం ఎలా అవుతుందన్న ప్రశ్న అప్పటి నుండి నాతోనే ఉంది. ఆ ప్రశ్నను వెంటబెట్టుకునే నేను యాత్రకు బయలుదేరాను.

బస్సు ఎక్కుడు మొదలుపెట్టగానే మా పాస్టరు అయ్యగారు 121వ కీర్తన చదివించారు. మా తెలుగు క్రైస్తవ ఇళ్ళలో ఊరికి వెళ్ళేముందు చదువుకునే కీర్తన అది; పిల్లలు హాస్టలుకు వెళ్ళినా, కొడుకు గల్ఫుకు వెళ్ళినా గడప దాటకముందు అదే. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?" అన్నప్పుడు నా మనసులో ఎప్పుడూ పచ్చటి కొండలు కదిలేవి. ఇక్కడి కొండలు బోడివి. చెట్టు లేదు, నీడ లేదు, వంపు వెనుక ఏముందో కనబడదు. మంచి సమరయుని ఉపమానంలో దొంగలు మనిషిని కొట్టి పడేసిన దారి కూడా యెరూషలేము, యెరికోల మధ్యదే. ఆ కొండలను చూస్తున్నప్పుడు ఆ మొదటి మాటలో భయం కూడా కలిసి ఉన్నట్టు నాకు వినిపించింది. "పగలు ఎండదెబ్బయైనను నీకు తగులదు" అన్న వాగ్దానం, గొడుగు కూడా లేకుండా పగలంతా ఆ రాళ్ళ మధ్య నడిచే మనిషికి ఇచ్చిన వాగ్దానం. ఏసీ బస్సులో కూర్చుని దాన్ని సగమే అర్థం చేసుకోగలం. అందుకే దారిలో వాడీ కెల్ట్ దగ్గర బస్సు ఆపించి కాసేపు నడవనిచ్చినందుకు అయ్యగారికి నేను ఎంతో కృతజ్ఞురాలిని.

వాడీ కెల్ట్ యెరికో వైపు దిగే లోతైన లోయ. దాని గోడలాంటి కొండచరియకు అతుక్కుని గ్రీకు ఆర్థడాక్స్ సన్యాసుల పరిశుద్ధ జార్జి మఠం ఉంది. పాడుబడిన ఆ మఠాన్ని 19వ శతాబ్దం చివరలో తిరిగి కట్టడం మొదలుపెట్టి 1901 నాటికి పూర్తి చేశారు. 23వ కీర్తనలోని గాఢాంధకారపు లోయ ఇదేనని యాత్రికులకు చెప్పే ఆనవాయితీ ఉంది. దావీదు మనసులో ఉన్నది సరిగ్గా ఈ లోయేనని నిరూపించగలిగేవారు లేరు. ఆ పట్టింపు నాకు లేదు, ఎందుకంటే అక్కడ చూసిన మరో సంగతి నా మనసులో నాటుకుపోయింది. మేము వెళ్ళింది ఫిబ్రవరిలో. వానలు పడిన కాలం కాబట్టి చరియమీద రాళ్ళ సందుల్లో గడ్డి మొలిచి ఉంది. వంగి చూస్తే ఒక్కో దుబ్బులో నాలుగైదు పరకలు, వేలెడంత పొడవు. పచ్చికగల చోట్లంటే ఆ ఎడారిలో అంతే. మేకల మంద ఆ దుబ్బులను ఒక్కొక్కటే కొరుక్కుంటూ అడ్డంగా పడిన సన్నటి జాడల వెంట సాగుతోంది. కాపరి కుర్రవాడు చేతికర్రతో రాతిమీద తట్టి, నాలుకతో ఒక చప్పుడు చేస్తే మంద మొత్తం కిందికి మళ్ళింది. అంత నిటారుగా ఉన్న లోయలోకి వాటినెందుకు దింపుతున్నాడని మా బృందంలోని ఒక పెద్దాయన గైడును అడిగారు. నీళ్ళు అడుగునే ఉన్నాయండీ, ఊటలూ కాలవా అక్కడే, అని ఆయన చెప్పాడు.

ఆ జవాబు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. శాంతికరమైన జలములు ఒక చోట, గాఢాంధకారపు లోయ మరొక చోట అని చిన్నప్పటి నుండి అనుకుంటూ వచ్చాను. కాపరి తప్పిపోతేనో, మంద దారి మరిస్తేనో లోయ వస్తుందని ఎక్కడో ఒక భావం. అక్కడ మాత్రం దారి తెలిసిన కాపరే మందను లోయలోకి నడిపిస్తున్నాడు. డయాలసిస్ గది బయట కుర్చీలో కూర్చున్న రాత్రులన్నీ గుర్తుకొచ్చాయి. నేను కాపరి చేయి వదిలినందువల్లనే అక్కడ కూర్చున్నానన్న అనుమానం ఎన్నోసార్లు నన్ను తొలిచింది. ఆ మధ్యాహ్నం లోయ అంచున నిలబడి, "నీవు నాకు తోడై యుందువు" అన్న మాటను మావారు పోయాక మొదటిసారి తడబడకుండా పలికాను.

యెరూషలేములో మేము మొదట ఆగింది ఒలీవల కొండమీద. అక్కడి నుండి చూస్తే 125వ కీర్తన కళ్ళకు కడుతుంది: "యెరూషలేముచుట్టు పర్వతములున్నట్లు యెహోవా ఇది మొదలుకొని నిత్యము తన ప్రజలచుట్టు ఉండును." పూర్వం యూదుల దేవాలయం ఉండిన కొండ సుమారు 740 మీటర్లు, ఎదురుగా ఉన్న ఒలీవల కొండ 800 మీటర్లకు పైనే. పరిశుద్ధ పట్టణం అన్నిటికన్నా ఎత్తయిన శిఖరంమీద ఉంటుందని ఊహించుకునేవాళ్ళకు, అది తనకన్నా ఎత్తయిన కొండల నడుమ ఒదిగి ఉండడం ఆశ్చర్యంగా తోస్తుంది. నాకు ఆ అమరిక నచ్చింది.

మరునాడు సీయోను కొండ తూర్పు వాలులో ఉన్న గల్లికాంతు దేవాలయానికి వెళ్ళాం. పేతురు మూడుసార్లు బొంకిన తరువాత కోడి కూసిన స్థలమని దానికి పేరు. ప్రధానయాజకుడైన కయప ఇల్లు అక్కడ ఉండేదని సంప్రదాయం చెబుతుంది. పురావస్తు పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. దేవాలయం అడుగున రాతిలో తొలిచిన లోతైన గుంట ఒకటి ఉంది. పైకప్పులో గుండ్రటి రంధ్రం. ఖైదీలను పూర్వం తాళ్ళతో ఆ రంధ్రం గుండా దింపేవారని, ప్రభువును ఆ రాత్రి అక్కడే ఉంచారని చెబుతారు. సువార్తలలో ఈ గుంట ప్రస్తావన లేదు. ఇప్పుడు యాత్రికులు మెట్లమీదుగా లోపలికి దిగుతారు. అక్కడ ఒక పుస్తకపీఠం, దానిమీద అనేక భాషలలో 88వ కీర్తన. వచ్చిన ప్రతి బృందమూ తన భాషలో దాన్ని చదువుతుంది.

మా వంతు వచ్చినప్పుడు అయ్యగారు నన్ను చూసి, "టీచరమ్మగారూ, మీరు చదవండి," అన్నారు. నా తెలుగు బైబిలు తెరిచి చదివాను. నూట యాభై కీర్తనలలో మూడోవంతుకు పైగా మొరలే. అయితే వాటిలో దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట వెలుగు వైపు తిరుగుతాయి. 13వ కీర్తన కూడా పాటతోనే ముగుస్తుంది. 88వ కీర్తన తిరగదు. గుంట, చీకటి, అగాధ జలాలు, దూరమైన స్నేహితులు అంటూ సాగి, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. ఆ మాట చదివి తలెత్తేసరికి మా బృందంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి గోడకు చెయ్యి ఆనించి వెక్కివెక్కి ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. ఊరుకోమని ఎవ్వరూ అనలేదు. మా వెనుక మరో దేశపు బృందం మెట్లమీద వేచి ఉంది, వాళ్ళూ తొందరపెట్టలేదు.

నా ప్రశ్నకు జవాబు నాకు ఆ గుంటలోనే దొరికింది. ఈ కీర్తన రాసిన హేమాను అంత చీకటిలోనూ మొదటి మాటగా దేవుణ్ణి తన రక్షణకర్త అని పిలిచాడు. ఆ తరువాత ఏ ఒక్క ఫిర్యాదునూ దాచుకోలేదు. రాత్రి మొరపెట్టాడు, పగలు మొరపెట్టాడు, మళ్ళీ ఉదయాన్నే వెళ్ళి మొరపెట్టాడు. దెబ్బలాడడానికైనా దేవుని గుమ్మానికే వెళ్ళాడు. నమ్మకం లేనివాడు అన్నిసార్లు వెళ్ళడు. పైగా ఈ పాటను ప్రధానగాయకునికి అప్పగించారని దాని పైమాటే చెబుతోంది. అంటే ఒంటరి మనిషి గదిలో రాసి దాచుకున్న కాగితం కాదది, సమాజమంతా కలిసి ఆరాధనలో పాడుకున్న పాట. దుఃఖంలో ఉన్నవారి నోరు మూయించకుండా వారి మొరను ఆరాధనలో చేర్చుకున్న ఆ పూర్వపు సంఘానికి నేను రుణపడి ఉన్నాను. సిలువమీద ప్రభువు పలికిన మాటలలో కూడా కీర్తనలున్నాయి. "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" అన్నది 22వ కీర్తన, ఆత్మను తండ్రి చేతికి అప్పగించిన మాట 31వది. విడిచిపెట్టావని అడిగిన నోటితోనే ఆయన తన్ను తాను అప్పగించుకున్నాడు. ఈ రెండిటినీ మనం ఎందుకు విడదీస్తామో నాకు అర్థం కాదు.

యూదుల పూర్వపు దేవాలయపు దక్షిణ మెట్లు చూడడానికి సాయంత్రం వెళ్ళాం. 1967 తరువాత బెన్యామీను మాజర్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలలో ఇవి బయటపడ్డాయి. యాత్రకీర్తనలు పదిహేను కాబట్టి ఒక్కో మెట్టుమీద ఒక్కో కీర్తన పాడేవారని కొందరు ఈ మెట్లను చూపించి చెబుతారు. యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో చెప్పిన పదిహేను మెట్లు మాత్రం ఇవి కావు. అవి దేవాలయం లోపల, స్త్రీల ఆవరణానికీ ఇశ్రాయేలీయుల ఆవరణానికీ మధ్య ఉండేవి. ఈ బయటి మెట్ల విశేషం వేరు. ఒక మెట్టు వెడల్పుగా, తరువాతిది ఇరుకుగా ఉంటాయి. పరుగెత్తి ఎక్కడం సాధ్యం కాదు. ప్రతి అడుగూ చూసుకుని వేయాలి. మోకాళ్ళ నొప్పులతో నేను ఒక్కో మెట్టూ ఎక్కుతూ, నా పాటికి నేను ఆ పదిహేను కీర్తనలూ వరుసగా చదువుకున్నాను. 130వ కీర్తన దగ్గర "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది" అన్న మాట రెండుసార్లు వస్తుంది. ఆసుపత్రి వరండాలలో తెల్లవారడం కోసం కూర్చున్నవారికి అది ఎందుకు రెండుసార్లు వచ్చిందో ఒకరు చెప్పనక్కరలేదు. కావలివాడు పొద్దును తెప్పించలేడు. అయినా పొద్దు రాదేమోనని అతనికి అనుమానం ఉండదు. నిరీక్షణ అంటే అదేనని ఆ మెట్టుమీద కూర్చుని అనుకున్నాను.

యూదులు ప్రార్థనకు వచ్చే పడమటి గోడ దగ్గర స్త్రీల వైపు నిలబడ్డప్పుడు నా పక్కన ఒక యూదు వృద్ధురాలు అరచేతిలో ఇమిడేంత కీర్తనల పుస్తకం చదువుతోంది. దాని మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి. ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు. నా చేతిలోని బైబిలు కీర్తనల దగ్గర తెరిచి ఉండడం చూసి తల ఊపి, జరిగి గోడ దగ్గర నాకు చోటిచ్చింది.

చివరి రోజు మృత సముద్రం వైపు వెళ్ళాం. ఆ సముద్రపు ఒడ్డున ఉన్న కుమ్రాను 11వ గుహలో 1956లో దొరికిన పెద్ద కీర్తనల చుట్టను మొదటి శతాబ్దపు ప్రతిగా పండితులు నిర్ణయించారు. అందులో 121 నుండి 132 వరకు యాత్రకీర్తనలు వరుసగా ఉన్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. అక్కడి నుండి ఏన్గెదీకి వెళ్తుండగా డ్రైవరు హఠాత్తుగా బస్సు ఆపేశాడు. మా నెత్తిన ఎండ కాస్తోంది, ఎక్కడా మబ్బు లేదు. ఎదురుగా మాత్రం ఎర్రమట్టి రంగు నీళ్ళు రోడ్డుకు అడ్డంగా, రాళ్ళను దొర్లించుకుంటూ పారుతున్నాయి. వెనుక కొండలలో రాత్రి కురిసిన వాన అంతసేపటికి ఎడారి వాగులోకి దిగిందట. "దక్షిణదేశములో ప్రవాహములు పారునట్లుగా యెహోవా, చెరపట్టబడిన మా వారిని రప్పించుము" అన్న 126వ కీర్తనలోని ప్రార్థనను అంతవరకు నేను చదివి దాటేసేదాన్ని. వాన పడిన చోటు ఒకటి, నీళ్ళు వచ్చిన చోటు మరొకటి. ఎండిన వాగు పక్కన నిలబడ్డవాడికి వాన కురిసిన సంగతి అప్పటికింకా తెలియనే తెలియదు. కన్నీళ్ళు విడుస్తూ విత్తేవారి మాట ఆ వెంటనే రావడంలో ఎంత దగ్గరి సంబంధముందో, రోడ్డు తెరిచేవరకు ఆ నీళ్ళను చూస్తూ అర్థం చేసుకున్నాను.

తెనాలి తిరిగి వచ్చాక మా స్త్రీల సమాజంలో ఈ కీర్తనలను గురువారం కూడికలో వారానికొకటి చదవడం మొదలుపెట్టాం. ఈ మధ్య భర్తను పోగొట్టుకున్న ఒక చెల్లెలు కూడికకు రావడానికి వెనకాడుతుంటే, వచ్చి ఏడ్చినా ఫరవాలేదమ్మా, అని ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె వచ్చింది. ఆ రోజు యాత్రకీర్తన పక్కనపెట్టి, ఆమె కోరిక మీద 88వ కీర్తన మొదటి నుండి చివరి వరకు చదివాం. వచ్చే గురువారం 130వ కీర్తన. అది తానే చదువుతానని ఆమె అడిగింది.