క్రీడల ముందు ఢిల్లీలో కిరాయిదారు నమోదు: నా అనుభవం

ఇది 2010 సెప్టెంబరు చివర్లో రాస్తున్న మాట. ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు అక్టోబరు 3న మొదలవుతాయి. ఈ ఊళ్లో అద్దెకుంటున్నట్టు నా వివరాలు నమోదయ్యాయని ఠాణా ముద్ర వేసిన కాగితం ఈ రోజు ఉదయమే నా చేతికి వచ్చింది. చదువుకో పనికో ఢిల్లీ వచ్చే మనవాళ్లకు ఉపయోగపడుతుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అతిథుల కోసం మరమ్మతు చేయాలంటూ వేసవిలోనే మా హాస్టల్‌ను ఖాళీ చేయించారు. ఉత్తర ఢిల్లీలో ఒక గది దొరికింది. అద్దె నిరుటికంటే చాలా ఎక్కువ.

కిరాయిదారు వివరాలు ఠాణాలో ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే. 2010లో అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 144 కింద పోలీసులు ఇచ్చిన ఉత్తర్వును పాటించకపోతే భారత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 188 కింద కేసు పడేది కూడా యజమాని మీదనే. అయినా మా ఇంటావిడ ఫారం మీద సంతకం చేసి, నన్నే వెళ్లి ఇచ్చి రమ్మన్నారు.

స్వస్థలం గడిలో ఖమ్మం జిల్లా అని చూడగానే బల్ల వెనక ఉన్న పోలీసు కలం పక్కన పెట్టేశాడు. అది నక్సలైట్ల జిల్లా కదా అని గదిలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా అడిగాడు. విద్యార్థి గుర్తింపు కార్డు చూపిస్తే, అలాంటివి ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చన్నాడు. నా సెల్‌ఫోను తీసుకుని, అందులోని తెలుగు పేర్లను ఒక్కొక్కటే తప్పుగా చదువుతూ, ఈ మనిషి ఎవరు, నీకేమవుతాడు అని వరసగా ప్రశ్నించాడు. మా అమ్మ పేరు దగ్గర కూడా అదే ప్రశ్న వేశాడు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోనివ్వలేదు. చివరకు, మా ఊరి ఠాణా నుంచి మంచి నడవడిక పత్రం తెస్తేనే ఫారం తీసుకుంటానన్నాడు. ఫారాన్ని అక్కడికి పంపి విచారించుకోవలసింది వాళ్లే. అలాంటి పత్రం తెమ్మని ఫారంలో ఎక్కడా లేదు. బడిలో ప్రతి ఏడూ మొదటి స్థానంలో నిలిచి, ఒక్కసారి కూడా ఎవరిచేతా మాట పడకుండా పెరిగిన నేను, చేయని నేరానికి సంజాయిషీ చెబుతున్నట్టు ఆ బల్ల ముందు నిలబడవలసి వచ్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

గోడ పక్కన నేల మీద కూర్చున్నవాళ్లలో ఒకాయన నేను ఫోనులో ఇంటికి మాట్లాడడం విని దగ్గరకు వచ్చాడు. "సారూ, మీది మన దిక్కేనా? జర మా కాగితం గూడ రాసియ్యుండ్రి" అన్నాడు. పాలమూరు నుంచి భార్యాబిడ్డలతో వచ్చి, క్రీడల కోసం కాలిబాటలకు రాళ్లు పరుస్తున్నాడట. "రాస్తా, కూర్చో అన్నా" అని ఆయన ఫారం నింపాను. సంతకం చేయవలసిన గుంపు మేస్త్రీ మాత్రం ఎంత కబురు పెట్టినా రాలేదు. ఈ పనుల్లో కూలీలకు కనీస వేతనం, రక్షణ సరిగా అందడం లేదని హైకోర్టు నియమించిన కమిటీ ఈ ఏడాదే చెప్పింది. మొన్న సెప్టెంబరు 21న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గర పాదచారుల వంతెన కూలినప్పుడు గాయపడిందీ కూలీలే. ఊరిని కట్టినవాళ్లను నేల మీద కూర్చోబెట్టి, మీరెవరని అడిగే అధికారం ఎవరికీ ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నా పని మటుకు, ఇంటావిడను బతిమాలి వెంట తీసుకువెళ్లాక ఒక్క మాట లేకుండా అయిపోయింది. అదే పోలీసు ఆమెకు కుర్చీ వేశాడు.

కాబట్టి యజమాని రాకుండా ఠాణా మెట్లెక్కకండి. ఫారం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. దీనికి రుసుము లేదు. ఎవరడిగినా పైసా ఇవ్వకండి. ఫోను చేతికి ఇవ్వకండి.

పాలమూరు అన్న కాగితం ఇంకా అక్కడే ఆగి ఉంది. ఆదివారం మళ్లీ ఆయనతో వెళ్తున్నాను. క్రీడలు మొదలయ్యేలోగా ఇలాంటి ఫారాలు నింపవలసిన కూలీలు ఇంకా ఎందరో ఉన్నారు. హిందీ రాయగలిగిన తెలుగు విద్యార్థులు ఒక్క పూట మీ పేటలోని ఠాణాకు వెళ్లి కూర్చోండి.