మజిల్ షోల్స్ నుంచి ఏథెన్స్ దాకా: ఒక బ్యాండు వెంట

అమెరికన్ రాక్ బ్యాండు డ్రైవ్-బై ట్రక్కర్స్ పాటలు కొన్నాళ్లు వింటే ఉత్తర అలబామా పటం సగం కంఠతా వచ్చేస్తుంది. టెనెస్సీ నది, ఆనకట్టలు, మూతపడ్డ మిల్లులు, అప్పుల్లో మునిగిన కుటుంబాలు అన్నీ ఆ పాటల్లో ఉంటాయి. కంట్రీ, బ్లూస్, రాక్, జానపదం కలగలిసిన ఈ తరహా సంగీతాన్ని అక్కడ ‘అమెరికానా’ అంటారు. ఆ బ్యాండు ఏటా శీతాకాలంలో జార్జియాలోని ఏథెన్స్‌లో వరుసగా కొన్ని రాత్రులు పాడుతుంది. ఈసారి టికెట్టు దొరికింది. దానికి ముందు, ఆ పాటలు మొలిచిన నేల చూసి రావాలని అలబామా బయలుదేరాను.

అట్లాంటా నుంచి హంట్స్‌విల్ చేరేసరికి గడియారం గంట వెనక్కి వెళ్లింది. రోడ్డు మీంచే కనిపించే శాటర్న్-5 రాకెట్ నమూనా దాటాక మా పిన్ని కొడుకు ఇల్లు. వాడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. “ఒక స్టూడియో గది చూడడానికి ఇంత దూరం వచ్చావా అన్నయ్యా?” అంటూనే కారెక్కాడు. 72వ నంబరు రహదారి మీద పడమరగా వెళితే ఇరువైపులా పత్తి చేలు. గుంటూరు జిల్లా వాళ్లం కాబట్టి, కోత అయిపోయి నిలబడ్డ పత్తి కట్టెను దూరం నుంచే గుర్తుపట్టాం.

ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మజిల్ షోల్స్ అనే నాలుగు ఊళ్లను కలిపి ‘షోల్స్’ అంటారు. హెలెన్ కెల్లర్ పుట్టిన ఇల్లు టస్కంబియాలోనే ఉంది. నది మీద 1924లో పూర్తయిన విల్సన్ డ్యామ్ దగ్గర కాసేపు ఆగాం. 1933లో ఏర్పడిన టెనెస్సీ వ్యాలీ అథారిటీ చేతికి వచ్చిన ఈ ఆనకట్ట ఆ ప్రాంతానికి కరెంటూ కూలీ పనీ ఇచ్చింది. మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా ఆ అథారిటీయే.

మేము చూడదలచుకున్న గది షెఫీల్డ్‌లో ఉంది. చిరునామా 3614, జాక్సన్ హైవే. రోడ్డు పక్కన చిన్న భవనం, తలుపు పైన పెద్ద అంకెలు, అంతే. బ్యారీ బెకెట్, రోజర్ హాకిన్స్, జిమ్మీ జాన్సన్, డేవిడ్ హుడ్ అనే నలుగురు వాద్యకారులు 1969లో ఇక్కడ మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియో పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ వచ్చి మూడు రోజులు పాటలు రికార్డు చేసుకుని వెళ్లారు. ఇప్పుడిది మ్యూజియం. లోపల నిలబడితే, ఇంత చిన్న చోట అంత సంగీతం ఎలా పట్టిందా అనిపిస్తుంది. డ్రమ్స్ ఒక మూల, పియానో ఒక గోడకు, గిటారు వాయించేవాళ్లకు కుర్చీలు. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ వాయించేంత దగ్గర. అంతవరకు ఫోను చూసుకుంటున్న తమ్ముడు కూడా గైడు చెప్పేది వినడం మొదలుపెట్టాడు.

నా దృష్టంతా బేస్ గిటారు వాయించిన డేవిడ్ హుడ్ మీదే. 1967 జనవరిలో గాయని అరీతా ఫ్రాంక్లిన్ ఇక్కడికి దగ్గర్లోని ఫేమ్ స్టూడియోకు వచ్చినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ట్రాంబోన్ అనే ఊదే వాద్యం. తర్వాత బేస్‌కు స్థిరపడి, ఎందరో గాయకుల వెనక వాయించాడు. రికార్డు అట్ట మీద బొమ్మ గాయకుడిది, కింద చిన్న అక్షరాల్లో ఈయన పేరు. ఆయన కొడుకు ప్యాటర్సన్ హుడ్ ఆ పక్కవాద్యం ఎంచుకోలేదు. తన ఊరి యాసలో, తన ఊరి మనుషుల మీద, తానే పాట కట్టి పాడాలనుకున్నాడు. ఫ్లోరెన్స్‌లో ఒకే ఇంట్లో ఉన్న మైక్ కూలీతో కలిసి 1985లో ఆడమ్స్ హౌస్ క్యాట్ అనే బ్యాండు పెట్టాడు. 1988లో ఒక సంగీత పత్రిక పోటీలో పేరొచ్చింది గానీ కంపెనీలేవీ ముందుకు రాలేదు. 1990లో రికార్డు చేసిన ఆల్బమ్ 2018లో గానీ వెలుగు చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్లు! అయినా ఆ ఇద్దరూ విడిపోలేదు. నాకు ఈ బ్యాండు మీద గౌరవం మొదలయ్యేది అక్కడే.

హుడ్ 1994లో ఏథెన్స్‌కు మకాం మార్చాడు. 1996లో అక్కడే కూలీతో కలిసి డ్రైవ్-బై ట్రక్కర్స్ మొదలుపెట్టాడు. వ్యానులో ఊరూరా తిరిగారు. అసలు పరీక్ష ‘సదరన్ రాక్ ఒపెరా’ ఆల్బమ్‌తో వచ్చింది. రెండు డిస్కుల నిండా కథ. 1977 విమాన ప్రమాదంలో చితికిపోయిన లినర్డ్ స్కినర్డ్ బ్యాండు, వర్ణ విభజనను సమర్థించిన అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్, వీళ్లిద్దరి నీడలో పెరిగిన దక్షిణాది పిల్లల గర్వం, సిగ్గు. బర్మింగ్‌హామ్‌లో యూనిఫారాల దుకాణం పై అంతస్తులో, ఏసీ లేని ఎండాకాలపు ఉక్కలో రికార్డు చేశారు. డిస్కులు అచ్చు వేయించడానికి డబ్బు లేక అభిమానులకూ స్నేహితులకూ ప్రామిసరీ నోట్లు రాసిచ్చి, పదిహేను శాతం వడ్డీకి సుమారు 23 వేల డాలర్లు అప్పు తెచ్చారు. ఆల్బమ్ 2001 సెప్టెంబరులో సొంతంగానే విడుదలైంది. మరుసటి ఏడాది ఒక పెద్ద కంపెనీ దాన్ని మళ్లీ విడుదల చేసింది. సంగీతం మీద నమ్మకంతో నోటు రాసిన మనుషులూ, ఆ నోటు పుచ్చుకుని డబ్బిచ్చిన మనుషులూ లేకపోతే ఈ బ్యాండు అక్కడే ఆగిపోయేదని నా నమ్మకం.

ఇదే షోల్స్‌కు చెందిన జేసన్ ఇస్బెల్ 2001లో చేరి, గొప్ప పాటలు రాసి, 2007లో వెళ్లిపోయాడు. అదే ఏడాది విడుదలైన గాయని బెట్టీ లవెట్ ఆల్బమ్‌కు ఫేమ్ స్టూడియోలో ఈ బ్యాండే పక్కవాద్యం వాయించింది. కొడుకు వద్దనుకున్న పనిని అంత ప్రేమగా చేయడం నాకు చాలా నచ్చుతుంది.

జార్జియాలోని ఏథెన్స్ విశ్వవిద్యాలయం ఊరు. పగలు నూచీస్ స్పేస్‌కు వెళ్లాను. ఆత్మహత్య చేసుకున్న ఒక యువ సంగీతకారుడి తల్లి 2000లో దాన్ని ప్రారంభించింది. సంగీతకారులకు తక్కువ అద్దెకు సాధన గదులు, తక్కువ ఖర్చుతో మానసిక వైద్య సహాయం దొరుకుతాయి. ట్రక్కర్స్ ఏటా చేసే ఈ ప్రదర్శనల ద్వారా ఆ సంస్థకు విరాళం అందుతుంది. నేను తలుపు దగ్గర ఉండగానే ఇద్దరు కుర్రాళ్లు గిటారు పెట్టెలు మోసుకుంటూ, ఏదో తాళం గురించి వాదించుకుంటూ లోపలికి వెళ్లారు.

రాత్రి ప్రదర్శన 40 వాట్ క్లబ్‌లో. ఒకప్పుడు ఒకే ఒక్క నలభై వాట్ల బల్బు వెలుగులో మొదలైన చోటు కాబట్టి ఆ పేరు. కుర్చీలు లేవు, అందరూ నిలబడే వినాలి. నా పక్కనున్న ఆవిడ ఒహాయో నుంచి ఏటా వస్తుందట. బ్యాండు ముందుగా పాటల జాబితా రాసుకోదు. హుడ్ ఒక పాట, కూలీ ఒక పాట, వంతులవారీగా సాగుతుంది. హుడ్ మాట్లాడతాడు, చేతులు ఊపుతాడు, మోకాళ్ల మీద కూలబడతాడు. కూలీ పెదవి విప్పడు, గిటారు మాత్రమే మాట్లాడుతుంది. తర్వాతి పాట ఏమిటో ఒకరి కళ్లలో ఒకరు చూసుకుని తేల్చుకోవడం మూడో వరుస నుంచి స్పష్టంగా కనిపించింది.

అట్లాంటా చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు ఏథెన్స్ గంటన్నర ప్రయాణం. టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ప్రకటన రాగానే కొనుక్కోవాలి. చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి, ధ్వని చాలా ఎక్కువ. మర్నాడు పగలు ఖాళీ ఉంటే నూచీస్ స్పేస్‌కు వెళ్లి, మీ చేతనైనంత ఇచ్చి రండి.