జెర్రీ రైస్ పరుగెత్తిన గుట్ట

పోయిన శనివారం కాలిఫోర్నియాలో శాన్ కార్లోస్ దగ్గర ఎడ్జ్‌వుడ్ పార్కు గుట్ట ఎక్కాను. ఎక్కాను అంటున్నాను గానీ, దారిలో రొప్పుతూ నిలబడిందే ఎక్కువ. సీజన్ లేని రోజుల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జెర్రీ రైస్ ఈ గుట్ట మీదే పరుగెత్తేవాడు.

అమెరికా వచ్చిన కొత్తలో నాకు ఫుట్‌బాల్ అంటే ఒకళ్ల మీద ఒకళ్లు పడటమే. రైస్ లాంటి రిసీవర్ పనేమిటో తెలిశాక గానీ ఆ ఆట రుచి తెలియలేదు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి ఎక్కడ దిగుతుందో అక్కడికి సమయానికి చేరాలి. పక్కనే అంటుకుని అవతలి జట్టు డిఫెండర్ ఉంటాడు. పట్టాలి, పట్టాక వాళ్లకు దొరక్కుండా పరుగెత్తాలి.

రైస్ పెరిగింది మిసిసిపీలోని క్రాఫర్డ్ అనే చిన్న ఊళ్లో. నాన్న తాపీమేస్త్రీ. అన్నదమ్ములు ఇటుకలు విసిరితే జెర్రీ పరంజా మీద నిలబడి పట్టేవాడు. అతని గురించి ఎవరు చెప్పినా, ఆ చేతుల్ని ఇటుకలే తయారుచేశాయంటూ ఇక్కడే మొదలుపెడతారు. నాకు మాత్రం బడి కథ ఇష్టం. క్లాసు ఎగ్గొట్టి తిరుగుతూ వైస్ ప్రిన్సిపల్ కంటపడి, ఒకటే పరుగు! ఆ స్పీడు చూసే ఆయన కుర్రాణ్ణి ఫుట్‌బాల్ కోచ్‌కి అప్పగించాడు.

అసలు ఇటుకలే ఆ చేతుల్ని తయారుచేసి ఉంటే, 1985లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 49యర్స్‌కి వచ్చిన కొత్తలో అన్నేసి బంతులు ఎందుకు వదిలేశాడు? క్యాండిల్‌స్టిక్ స్టేడియంలో సొంత అభిమానులే గేలిచేశారు. ఆ డిసెంబర్‌లో రామ్స్ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో, పట్టిన బంతులతో 241 గజాలు సంపాదించాక గానీ వాళ్ల నోళ్లు మూతపడలేదు. 1987లో ఆడింది 12 మ్యాచ్‌లే, పట్టిన టచ్‌డౌన్లు (అవతలి గీత దాటించి పాయింట్లు తెచ్చే క్యాచ్‌లు) 22.

ప్రాక్టీసులో మిగతావాళ్లు బంతి పట్టి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేస్తే, ఇతను ప్రతిసారీ మైదానం చివరి ఎండ్‌జోన్ దాకా పరుగెత్తేవాడు. 1997 మొదటి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ అయిపోయిందనుకుంటే డిసెంబర్‌లోనే దిగాడు. టచ్‌డౌన్ పట్టి, ఆ పడటంలో మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ఇంత తొందరేమిటయ్యా!

గ్లవ్స్‌కి జిగురు స్ప్రే కొట్టుకునేవాణ్ణని 2015లో తనే ఒప్పుకున్నాడు. అది 1981 నుంచే నిషేధం. నాకు కాస్త చివుక్కుమంది. అయినా 20 సీజన్లలో 22,895 గజాలు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్‌వి 17,492. ఇంత తేడా జిగురుతో రాదు.

2010లో, గొప్ప ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద, తనను ఇంతదూరం తరిమింది ఓడిపోతానేమోనన్న భయమేనని చెప్పాడు. ఆడినన్నాళ్లూ ఆగి ఆనందించలేకపోయానన్నదే తన విచారమన్నాడు.

గుట్ట పైకి చేరితే దూరంగా శాన్‌ఫ్రాన్సిస్కో బే కనిపిస్తుంది. అన్నేళ్లలో ఒక్కసారైనా నిలబడి చూశాడో లేదో.