మొన విరిగిన చాకు

ఈ రోజు మధ్యాహ్నం ఆఫీసులో నా కేడెట్ చాకు మొన విరిగింది. కేడెట్ అంటే స్విస్ ఆర్మీ రకం మడత చాకు. విరిచింది నేను కాదు. ఆ కోపం ఇంకా దిగలేదు కాబట్టి ముందు దాని సంగతే రాస్తాను. అయితే ఇంత రాత్రి వేళ నన్ను కూర్చోబెట్టింది ఆ కోపం కాదు, ఇంటికి వస్తూ తిరుపతి లీలామహల్ కూడలి దగ్గర బండి ఆగినప్పుడు నేను చేసిన పని. ఫోను తీసి అలాంటి చాకునే మళ్ళీ కొనడానికి బుట్టలో వేశాను. దానికి తోడుగా ఒపినెల్ అనే ఫ్రెంచి మడత చాకులలో పదో నంబరు పరిమాణాన్ని, ఎన్నాళ్ళుగానో చూస్తున్న జపాను మడత చాకు హిగోనోకామిని కూడా చేర్చాను. పోయింది ఒకటైతే చేరబోతున్నవి మూడు.

మా ఆఫీసులో గోడలకు రంగులు వేయిస్తున్నారు. మా సెక్షనులోని కుర్రవాడు అట్టపెట్టె కోయాలని, "ఆ చాకు ఒకసారి ఇయ్యన్నా" అని అడిగి తీసుకున్నాడు. పెట్టె కోశాడు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత రంగు డబ్బా మూత కిందికి ఆ మొననే దూర్చి పైకి ఎత్తాడు. బియ్యపు గింజంత ముక్క ఎగిరి నేల మీద పడింది. "చిన్న ముక్కే కదన్నా పోయింది, కోసుకోవడానికి పదును ఉంది కదా" అన్నాడు. ఆ మాట దగ్గర నాకు నోరు రాలేదు.

ఆ చాకులోనే, ఆ బ్లేడు పక్కనే, సీసా మూత తీసే కొంకి ఉంది. దాని చివర వెడల్పైన స్క్రూడ్రైవర్ ఉంది. డబ్బా మూతను ఎత్తడానికి అది చక్కగా సరిపోతుంది. బ్లేడు కోయడానికి పుట్టింది. పదునంచు వైపుకు, మొన వైపుకు వెళ్ళేకొద్దీ దాన్ని పలుచన చేస్తేనే అది తేలికగా కోస్తుంది, ఆ పలుచని చోట పక్కకు వంచి బలం పెడితే ఏ ఉక్కయినా విరుగుతుంది. స్విస్ సైన్యం తన సిపాయిలకు ఇలాంటి చాకు కావాలని కోరిందే ఇందుకు. అప్పట్లో కొత్తగా వచ్చిన తుపాకిని విప్పడానికి ఒక స్క్రూడ్రైవర్, తిండి డబ్బాలను తెరవడానికి ఒక పనిముట్టు, ఈ రెండూ బ్లేడుతో పాటు ఒకే పిడిలో ఇమడాలన్నారు. చాకులు చేసే కార్ల్ ఎల్సెనర్ స్విట్జర్లాండులోని ఇబాక్ ఊరి నుంచి ఆ చాకులను సైన్యానికి మొదటిసారి అందించింది 1891లో. బ్లేడు చేయకూడని పనులను వేరే పనిముట్లకు అప్పగించడం కోసం ఒక వస్తువు తయారై నూట ముప్పై ఏళ్ళు దాటినా, దాన్ని చేతిలో పట్టుకుని బ్లేడుతోనే డబ్బా తీసేవాడిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

చాకును అడిగి తీసుకునేవాళ్ళ గురించి ఇంకా చెప్పాలి. నిమ్మకాయ కోసి, తుడవకుండా మడిచి ఇస్తారు. స్టీలు పళ్ళెంలో పెట్టి, గ్రానైటు బండ మీద పెట్టి కోస్తారు. బండ తగిలిన ప్రతిసారీ పదునంచు ఎంత మడతపడుతుందో, దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి రాయి మీద ఎంతసేపు కూర్చోవాలో వాళ్ళకు తెలియదు, చెప్పినా వినరు. మూయడం తెలియకపోతే తెరిచే ఇమ్మని ప్రతిసారీ చెబుతాను, అయినా బలవంతంగా నొక్కి వేలు కోసుకుని, తప్పు చాకుదన్నట్టు చూస్తారు. మా ఇంట్లో ఆవిడ ఈ లెక్కలో లేదు. ఆమె నా చాకులను ముట్టుకోదు, వంటింట్లో కత్తిపీట ఆమెది, దాన్ని నేను ముట్టుకోను.

సాయంత్రం దాకా నా ఆలోచన ఒక్కటే: ఇక మీద మంచి చాకు ఎవరి చేతికీ ఇవ్వకూడదు, అడిగితే ఇవ్వడానికి వేరే చాకు ఒకటి ఉండాలి, కాబట్టి ఇంకొకటి కొనడం న్యాయమే. ఈ మాట ఇంట్లో ఆవిడతో చెబితే, "మీ తాత ఒక్క చాకుతోనే తోటంతా చేశాడంటారే" అంది. మా అమ్మ మాత్రం ఎప్పటిలాగే, "ఇన్ని కత్తులు ఇంట్లో పెట్టుకుంటే పోలీసోళ్ళు ఏమీ అనరా నాయనా" అని అడిగింది. ఆయుధాల నిబంధనలు లెక్కలోకి తీసుకునేది 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడును, ఇంటి పనికీ సేద్యానికీ చేసినవైతే వాటినీ కాదు, నా వాటిలో ఏదీ నాలుగు అంగుళాలు దాటదు అని మళ్ళీ చెప్పాను.

తాత ఒక్క చాకుతో చేశాడన్నది నేనే చెప్పిన మాట. ఎన్నోసార్లు చెప్పాను. ఈ రాత్రి కూర్చుని తలచుకుంటే అది పూర్తి నిజం కాదు.

దామలచెరువు దగ్గర తోటలో తాత మామిడి అంట్లు కట్టేవాడు. తొలకరి పడ్డాక మొదలుపెట్టి వానలు ముదిరేదాకా ఆ పనే. ఆ చాకు పిడి కొయ్యది, లోపల ఇనుప బ్లేడు ఒక్కటే, ఏ చిత్రమూ లేదు. తల్లిచెట్టు నుంచి తెచ్చిన పుల్లను ఏటవాలుగా ఒకే లాగుడులో కోసేవాడు, వేరు మొక్కను కూడా అదే వాలుతో కోసి, రెండు కోతలలోని పచ్చిపొరలు కలిసేలా ఆనించి గట్టిగా చుట్టేవాడు. రెండోసారి లాగితే ఆ పుల్లను పారేసేవాడు. మొద్దు చాకు కోయదురా, నలుపుతుంది, నలిగినచోట అంటు పట్టదు అనేవాడు. అందుకే కొన్ని పుల్లలు కోయగానే పక్కనున్న సానరాయి మీద నాలుగు లాగుడులు లాగి, ముంజేతి వెంట్రుకల మీద చూసుకుని, మళ్ళీ పనిలో దిగేవాడు. మామిడి సొన తగిలి తగిలి ఆ బ్లేడు నీలం కలిసిన నలుపుకు తిరిగింది. ఏళ్ళ తరబడి నూరగా దాని వెడల్పు సగానికి వచ్చింది, మొన సూదిలా తేలింది. రాత్రి ఆముదం చుక్క రాసి, మడిచి, తన పెట్టెలోనే పెట్టుకునేవాడు. దాన్ని నాన్నకు కూడా ఇవ్వలేదు.

కానీ తాత నడుములో ఇంకొక చాకు ఉండేది. ప్రతి ఏడూ గంగజాతరకు తిరుపతి వచ్చినప్పుడు అంగళ్ళలో కొనే చవక చాకు అది. టెంకాయ పీచు తీయడానికి, మూటల తాడు కోయడానికి, తోటకు వచ్చినవాళ్ళు వక్క కోసుకోవడానికి అడిగితే ఇవ్వడానికి. అది పోయినా, విరిగినా మాట్లాడేవాడు కాదు, వచ్చే జాతరకు ఇంకొకటి కొనేవాడు. ఇది గుర్తుకు రాగానే నాకు బలం వచ్చింది. ఇచ్చే చాకు వేరు, దాచే చాకు వేరు అన్నది మా వంశంలోనే ఉందని ఆవిడను లేపి చెప్పాలనిపించింది.

లేవబోయి ఆగాను. తాత దాచుకున్న చాకు ఊరికే దాచుకున్నది కాదు, వానాకాలమంతా చేతిలో ఉన్నది. నేను పెట్టెలో దాచినవాటిలో సగం ఇంతవరకు కాగితం ముక్క తప్ప ఏదీ కోయలేదు. రెండు డజన్లు దాటిన చాకులలో ఒక్క కేడెట్ మాత్రమే రోజూ నాతో ఉంది, అల్యూమినియం పిడి మీద గీతలు పడి, జేబులో బరువు తెలియనంతగా కలిసిపోయింది. అందుకే విరిగిందీ అదే. పెట్టెలోంచి ఏదైనా ఒకటి పోయినా నాకు తెలియడానికి నెల పడుతుందేమో అన్న ఆలోచన, మొన విరిగినదానికంటే ఎక్కువ గుచ్చింది.

ఒపినెల్ కంపెనీ 1890 నుంచి చాకులు చేస్తున్నది. మొదట ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు పెట్టింది. 1930ల దశకంలో పదకొండో నంబరును ఆపేసింది. పదికీ పన్నెండుకీ మధ్య అదొక పరిమాణం అనవసరం అనుకుంది. చేసేవాళ్ళే ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉందని మానుకుంటే, నా పెట్టెలో పిడి రంగు తప్ప ఏ తేడా లేనివి మూడు ఉన్నాయి. ఎనిమిదో నంబరు నా దగ్గర ఉంది. పదో నంబరు వస్తే దానితో కొత్తగా ఏం కోస్తానని నన్ను నేను అడుగుతున్నాను. బూడిదగుమ్మడికాయకు అదీ చాలదు.

ఇంతా తెలిసి ఎందుకు కావాలనిపిస్తుందంటే, కావాలనిపించే రోజులు బాగుంటాయి. ఏ ఉక్కు, ఏ తాళం, వెనక స్ప్రింగు ఎంత గట్టిది అని చదువుతూ ఉన్నన్నాళ్ళు ఆఫీసు చిరాకు అంటదు. వచ్చిన రోజు నూనె వేసి నాలుగుసార్లు తెరిచి మూసి ఆ చప్పుడు వింటాను. శనివారం కొండకు నడిచి వెళ్ళేటప్పుడు అలిపిరి దాటి చాకు తీసుకుపోకూడదు కాబట్టి ఇంట్లో పెట్టే బయలుదేరుతాను. మెట్లెక్కుతూ ఖాళీ జేబును తడుముకుంటాను. అప్పుడు చేతికి వెలితిగా తోచేది ఆ ఒక్క కేడెటే, పెట్టెలోనివి కావు. ఇది ఇన్నాళ్ళూ నాకు ఎందుకు తట్టలేదో.

కాబట్టి కొత్త కేడెట్‌ను బుట్టలోంచి తీసేశాను, హిగోనోకామిని కూడా తీసేశాను. ఒపినెల్ పదిని తీయలేదు, ఈ రాత్రికి అది నా చేత కాదు. విరిగిన మొనను మళ్ళీ తేవచ్చు. పదునంచు వైపు నుంచి అరగదీస్తే మూసినప్పుడు మొన పిడి బయటికి పొడుచుకు వస్తుంది, వెన్ను వైపు నుంచి కిందికి దింపుతూ గరుకు రాయి మీద అరగదీయాలి. బ్లేడు కొంచెం పొట్టిదవుతుంది, అంతే. మోటారు చక్రం మీద పెడితే వేడికి ఉక్కు పదును నిలుపుకునే గుణం పోతుంది, అందుకని చేత్తోనే, నీళ్ళు చల్లుతూ చేయాలి. ఆదివారం పొద్దున దానికి కూర్చుంటాను.

అంతవరకు జేబులోకి ఏది అన్నది ఇప్పుడే తేల్చాను: ఒపినెల్ ఎనిమిది, కార్బన్ ఉక్కు. పోయిన కార్తీకంలో వానలకు బీచ్ కొయ్య పిడి ఉబ్బి బ్లేడు బయటికి రానని మొరాయిస్తే పెట్టెలో పడేశాను, ఇప్పుడు తేలికగా తెరుచుకుంటోంది. రేపు అన్నం డబ్బాతో పాటు రెండు జామకాయలు కూడా పెట్టమని ఆవిడకు చెప్పాలి.