గోరింటాకు మరక, 1,386 డాలర్లు

"నువ్వు ఇక్కడే ఉన్నావు కదా నాన్నా, లేవని నేను చెప్పను" అంటూ మా పదేళ్ల అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అవతల ఉన్నది బాకీలు వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీ మనిషి. అప్పు సంగతి పిల్లలకు చెప్పకూడదని అమెరికా చట్టం గనుక అతను నా పేరు అడిగాడే తప్ప ఎందుకో చెప్పలేదు. నా గుట్టు బయటపెట్టుకున్నది నేనే. చిన్నప్పుడు మా ఊళ్లో అప్పులవాళ్లు అరుగు మీద కూర్చుంటే మా నాన్నగారు పెరటి దారిన పొలానికి జారుకునేవారు, "నాన్న లేరండీ" అని గుమ్మంలో నిలబడి చెప్పడం నా వంతు. అప్పుడు సిగ్గుతో నేల చూసిన నేనే ఇప్పుడు ఆ విద్యను కూతురికి అప్పగించబోయాను.

అప్పు 2021లో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుది. కార్పెట్ మార్చినందుకూ శుభ్రం చేసినందుకూ, డిపాజిట్ పోగా ఇంకా 1,386 డాలర్లు కట్టాలట. టెక్సస్‌లో ఇల్లు ఖాళీ చేసిన 30 రోజుల్లోగా యజమాని డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, లేదా కోతల లెక్క పంపాలి; అయితే కొత్త చిరునామా మనం రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. నేను తాళాలు ఇస్తూ నోటిమాటగా చెప్పి వచ్చానేమో.

పరువు పోతుందన్న భయంతో వెంటనే కట్టేయబోయాను, మా ఆవిడ ఆపింది. ఇలాంటి ఫోను వస్తే ఎవరూ నాలా తొందరపడవద్దు. మొదటిసారి మాట్లాడిన అయిదు రోజుల్లోగా ఏజెన్సీ బాకీ వివరాలు పంపాలి. అవి అందిన 30 రోజుల్లోగా ఒప్పుకోవడం లేదని మనం ఉత్తరం రాస్తే, రుజువు పంపేవరకు వసూలు ఆపాలి. ఫోనులో బేరాలు పెట్టుకోకుండా మన రిజిస్టర్డ్ పోస్టు లాంటి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోవాలి. ఇంతవరకు నా సలహా గట్టిదే.

ఆ ఉత్తరంలో "కార్పెట్‌కు మేము ఎటువంటి నష్టమూ కలిగించలేదు" అని రాసి, సాక్ష్యానికి పాత ఫోటోలు వెతకమని అమ్మాయిని కూర్చోబెట్టాను. తనకు దొరికింది 2018 ఆషాఢం నాటి ఫోటో. గోరింటాకు పెట్టిన రెండు చేతులూ గాలిలో చాచి, దురద పుట్టిన ముక్కును భుజానికి రుద్దుకుంటున్న నాలుగేళ్ల పిల్ల. పక్కన బోర్లాపడిన గిన్నె. లేత రంగు కార్పెట్ మీద ముద్ద. ఆ ముద్దను తొక్కుతూ ఫోటో అంచున ఒక పాదం. ఆ పాదం నాదే.

"మరక నాది కదా, లేదని ఎలా రాస్తావు?" అని అమ్మాయి అడిగింది. ఏళ్ల తరబడి నలిగిన పాత కార్పెట్‌కు కొత్తదాని ధర అడగడం న్యాయం కాదనీ, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెకున్నవాళ్ల ఖాతాలో వేయకూడదనీ పావుగంట సేపు వివరించాను. అంతా విని, "అయితే అదే రాయి" అంది. పండగపూట తెలుగులో మాట్లాడమంటే ముఖం ముడుచుకునే పిల్ల ఈ ముక్క మాత్రం తెలుగులోనే అంది.

ఆ రాత్రి రెండు ఉత్తరాలు అచ్చు తీశాను. ఒకదానిలో మరక మాది, మొత్తం ఖర్చు మాత్రం మాది కాదని ఉంది. రెండవదానిలో మొత్తం బాకీని ఒప్పుకోవడం లేదనీ, కార్పెట్ ఎప్పుడు వేశారో, బిల్లులు ఏవో చూపమనీ ఉంది. మరక ప్రస్తావన లేదు. కారణం చెప్పి తీరాలని చట్టం అడగదు. మా ఆవిడ "మీరు హరిశ్చంద్రులేమీ కానక్కరలేదు" అంది. రెండవదాన్నే పంపాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, "కుంజరః" అన్న మాటను మెల్లగా పలికిన ధర్మరాజు కథ తనకు చెప్పింది నేనే అయినా.

మొన్న ఏజెన్సీ వారి సంతకంతో ఆకుపచ్చ రసీదు కార్డు తిరిగి వచ్చింది. తను చెప్పినట్టే రాశాననుకుని, అమ్మాయి దాన్ని తీసుకువెళ్లి అయస్కాంతంతో ఫ్రిజ్ మీద అంటించింది.