మెట్టెలు తీయమన్నారు

ఇవాళ ఫిమేల్ సర్జికల్ వార్డులో బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది పిల్లలతో డ్యూటీ. బరంపురంలో వార్డంటే ఒక మంచం దగ్గర ఒడియా, పక్క మంచం దగ్గర తెలుగు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా వస్తుంటారు కాబట్టి తెలుగొచ్చిన పిల్లలకి గిరాకీ.

రేపు పిత్తాశయం ఆపరేషన్ ఉన్న ఒక పెద్దావిడకి పల్స్ 112. చూసిన అమ్మాయి చురుకైనదే. చార్టులో ఎక్కించి, "ఏం కాదమ్మా, టెన్షన్ పడకండి" అని నవ్వేసి వెళ్ళిపోయింది. పేషెంటు నోరు మూయించడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ఇలా ఉత్త భరోసా ఇవ్వకూడదని పరీక్షలో అందరూ చక్కగా రాస్తారు!

తర్వాత చెక్‌లిస్టు పట్టుకుని పర్లాకిమిడి అమ్మాయి వెళ్ళింది. క్లాసులో నోరు మెదపదు. నగలన్నీ తీసెయ్యాలని చెప్పగానే ఆవిడ కాళ్ళు దుప్పట్లోకి లాక్కుంది. ఈ పిల్ల అది చూసింది. "మెట్టెల గురించా అమ్మా?" అంది.

"మా ఆయన బతికుండగా ఇయి తీస్తారేటమ్మా?"

ఆపరేషన్లో కరెంటు పరికరం వాడతారని, ఒంటిమీద లోహం ఉంటే కాలే ప్రమాదముందని మెల్లగా చెప్పి, బయటున్న ఆయన్ని పిలిపించి, ఆయన చేతే తీయించింది. పల్స్ ఏమీ దిగలేదు. కానీ ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ మాటల్లోనే బయటపడింది, బీపీ మాత్రలు మానేసిందని. వెంటనే సిస్టర్‌కి చెప్పాం, మత్తు డాక్టరుకి కబురెళ్ళింది.

1990లో సాలొవే, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భావోద్వేగ ప్రజ్ఞ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్) గురించి రాసినప్పుడు, మన భావాలనీ ఎదుటివాళ్ళ భావాలనీ పసిగట్టడం అందులో ముఖ్యమైన భాగం. 1995లో గోల్‌మన్ పుస్తకంతో ఆ మాట ఊరూరా పాకింది. మా దగ్గరికొచ్చేసరికి నవ్వుతూ మాట్లాడటమే మిగిలింది. నవ్వే పిల్లలకే ఇంటర్నల్ మార్కులు ఎక్కువ పడటం నాకు నచ్చదు.

మధ్యాహ్నం ఎమ్మెస్సీ అమ్మాయి థీసిస్ కోసం ఈ ప్రజ్ఞని కొలిచే ప్రశ్నావళే పంచింది. 33 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా ఎవరికి వాళ్ళే వేసుకోవాలి. చురుకైన పిల్ల చకచకా గీసి ఇచ్చేసింది. పర్లాకిమిడి పిల్ల పెన్ను పట్టుకుని కూర్చుంది. "మేడమ్, ఇది మా ఇంట్లోవాళ్ళ దగ్గర నిజం, వార్డులో కాదు. ఎంత వెయ్యాలి?" నా దగ్గరా జవాబు లేదు. తన కళ్ళకి తనే మార్కులేసుకోమంటే జాగ్రత్తగా చూసేవాళ్ళే తటపటాయిస్తారు కదా.

సాయంత్రం కేర్‌ప్లాన్లు, అంటే పేషెంటు సమస్యా దాని కారణమూ పిల్లలు రాసే కాగితాలు, దిద్దాను. అందరిదీ ఒకటే వాక్యం, సీనియర్ల ఫైల్లోది: "శస్త్రచికిత్స కారణంగా ఆందోళన." అన్నీ వెనక్కిచ్చి, ఆ కారణం కొట్టేసి పేషెంటునే అడిగి రాయమన్నాను.

"మార్కులు తగ్గిస్తారా మేడమ్?" అంది చురుకైన పిల్ల.

"ముందు వార్డుకెళ్ళిరా. ఈసారి కుర్చీ వేసుకుని కూర్చో."