పొద్దుపోతోంది, మా ఇంటికెళ్ళాలి

మా అత్తయ్యకి 78 ఏళ్ళు. అల్జీమర్స్ అని తేలి మూడేళ్ళయింది. పగలంతా బాగానే ఉంటారు. సాయంత్రం అయిదు దాటిందా, చేతిసంచిలో రెండు చీరలు, దువ్వెన, ఒక్కోసారి టీవీ రిమోట్ కూడా సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చేస్తారు. "పొద్దుపోతోంది అమ్మాయ్, మా ఇంటికెళ్ళాలి." ఆ ఇల్లు తెనాలి దగ్గర పల్లెలో ఉండేది. పడగొట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మేముండేది మల్కాజిగిరిలో, మూడో అంతస్తులో. "ఇదే కదా అత్తయ్యా మనిల్లు" అని రోజూ వాదించేదాన్ని. వాదించినకొద్దీ ఆవిడకి కంగారు పెరిగేది.

కార్తీకమాసంలో ఒకరోజు నేను కుక్కర్ దించేలోపు వెళ్ళిపోయారు. వాచ్‌మన్ని అడిగితే "ఊరెళ్తున్నానన్నారు మేడమ్" అన్నాడు.

112కి ఫోన్ చేశాం. స్టేషన్‌కి వెళ్తే ఒకాయన "రాత్రిదాకా చూడండి, వచ్చేస్తారు" అన్నాడు. మనిషి తప్పిపోతే 24 గంటలు ఆగాలన్న రూలేమీ లేదు. డాక్టరు చీటీ చూపించి గట్టిగా అడిగాకే రాసుకున్నారు. "ఏ చీర కట్టుకున్నారు?" అన్నారు. పొద్దున కట్టింది నేనే, అయినా గుర్తు రాలేదు. ఫోటో అడిగితే ఫోన్లో ఉన్నది మనవరాలి పెళ్ళిది, పట్టుచీరలో, తలనిండా పూలతో!

తొమ్మిదిన్నరకి రైల్వేస్టేషన్లో దొరికారు. సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటే, టీ అమ్మే కుర్రాడికి అనుమానమొచ్చి పోలీసులకి చెప్పాడట. నన్ను చూసి "నువ్వూ వస్తున్నావా?" అన్నారు.

మర్నాడే తలుపుకి కింద, చూపు పడనిచోట ఇంకో గడియ పెట్టించాం. మువ్వలు కట్టాం. ఆవిణ్ణి ఒంటరిగా పెట్టి బయట తాళం మాత్రం వేయం, గ్యాస్ ఉన్న ఇల్లు. అన్నిటికంటే పనిచేసింది చెప్పులు దాచడం. చెప్పులు కనబడకపోతే చాలాసార్లు ప్రయాణమే మర్చిపోతారు. పొద్దున్నే చీర కట్టగానే ఒక ఫోటో తీసిపెట్టుకుంటున్నాను.

సిమ్ వేసే జీపీఎస్ ట్రాకర్ కొన్నాం. మెళ్ళో వేస్తే "ఈ తాయెత్తు ఎవరు కట్టారు?" అని తులసికోటలో పడేశారు. రెండుసార్లు అంతే. చివరికి ఆవిడ రొంటిన దోపుకునే గుడ్డసంచి గుర్తొచ్చింది. చిల్లర, వక్కపలుకులు వేసుకునే ఆ సంచి లేకుండా గుమ్మం దాటరు. లోపల అర కుట్టి అందులో పెట్టాను. రాత్రి నిద్రపోయాక తీసి చార్జింగ్ పెట్టడం నా డ్యూటీ. చేతి వెండి కడియం మీద మావారి నంబరు చెక్కించాం. బ్యాటరీ అయిపోయినా అదుంటుంది.

వాదించడం మానేశాను. సంచి సర్దగానే "పదండి, దింపొస్తాను" అని కిందికి తీసుకెళ్తాను. కాలనీ చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ మా మెట్లెక్కుతాం. లోపలికి రాగానే "అమ్మయ్య, వచ్చేశాం. దీపం పెట్టావా?" అంటారు.

నిన్న మాత్రం మూడు చుట్లు తిరగాల్సొచ్చింది.